పనిలో వేళ్ళు పోయి 22 నెలలైంది, పరిహారం కేసుకి ఇంకా గడువుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ తమ్ముడు బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో పవర్ ప్రెస్ ఆపరేటరు. వయసు 32, నెలకు 17 వేలు చేతికిచ్చేవారు. ప్రెస్సు కింద కుడిచెయ్యి పడి మూడు వేళ్ళు మొదలంటా పోయాయి. సేటు ఆపరేషన్ చేయించాడు, కొన్నాళ్ళు సగం జీతం పంపాడు, "నేను చూసుకుంటా గదా" అన్నాడు. ఇప్పుడు ఫోనెత్తడు. మధ్యలో ఒకాయనతో "లక్ష ఇస్తా, కాగితం మీద సంతకం పెట్టు" అని కబురంపాడు. ప్రమాదం జరిగి 22 నెలలు. ఒకరేమో ఏడాదిలోపే వెయ్యాలన్నారు, ఇంకొకరు మూడేళ్ళ దాకా ఫర్వాలేదన్నారు. ఏది నిజం?

రెండూ కాదు. ప్రమాదం జరిగిన తేదీ నుంచి రెండేళ్ళు. మనిషి చనిపోతే, చనిపోయిన తేదీ నుంచి రెండేళ్ళు. ఉద్యోగుల పరిహార చట్టం 1923, సెక్షన్ 10 చెప్పేది అదే. అంటే మీకు ఇంకా సుమారు రెండు నెలలుంది. ఆ రెండు నెలలు సేటుతో మాటలకి పెట్టకండి. ముందు దరఖాస్తు పడాలి, మాటలు ఆ తరువాత. కేసు పడ్డాక కూడా రాజీ చేసుకోవచ్చు, ఎవరూ ఆపరు. గడువు దాటాక మాత్రం రాజీ మాట ఎత్తే అవసరం సేటుకి ఉండదు.

నేను ఈ కేసులే చూసే వకీలుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో గడువు దాటినవాళ్ళు చాలామందే. వాళ్ళంతా బద్ధకించినవాళ్ళు కాదు, సేటుని నమ్మినవాళ్ళు. వాళ్ళ లెక్కలో రెండేళ్ళు సేటు మోసం చేసిన రోజు నుంచి మొదలవుతుంది. చట్టం లెక్కలో చెయ్యి పోయిన రోజు నుంచే మొదలు. దవాఖానలో ఉన్నా, సగం జీతం వస్తున్నా, "దసరా తరువాత సెటిల్ చేద్దాం" అంటున్నా ఆ గడువు కరెంటు మీటరులా తిరుగుతూనే ఉంటుంది. పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టామని, లేబర్ ఆఫీసులో ఒక తెల్లకాగితం మీద ఫిర్యాదు ఇచ్చామని, యూనియన్ వాళ్ళు లెటర్ రాశారని ఆగదు. ఫిర్యాదు వేరు, పరిహారం దరఖాస్తు వేరు. ఈ కేసులు తేల్చే కార్మిక శాఖ అధికారి, అంటే పరిహార కమిషనర్ ముందు దరఖాస్తు నంబరు పడ్డాకే మీరు గడువులో ఉన్నట్టు.

ఇక ఆ ఏడాది, మూడేళ్ళు ఎక్కడినుంచి వచ్చాయంటే, చెప్పినవాళ్ళు పూర్తిగా గాల్లోంచి చెప్పలేదు. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్ళు ప్రయోజనం కోసం 12 నెలల్లో క్లెయిమ్ పెట్టుకోవాలని, ఈఎస్ఐ కోర్టుకి వెళ్ళాలంటే మూడేళ్ళని ఆ చట్టంలో ఉంది. రోడ్డు ప్రమాదానికైతే మోటారు వాహనాల చట్టంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, డ్యూటీలో ఉండి రోడ్డు మీద దెబ్బ తిన్నవాళ్ళు ఇది బాగా గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1923 చట్టం, ఈ రెండు దారుల్లో వాళ్ళు ఒకటే ఎంచుకోగలరు. మీ తమ్ముడిది షెడ్డు లోపల జరిగింది కాబట్టి ఆ గొడవ లేదు.

కానీ ఈఎస్ఐ గొడవ ఉండొచ్చు. దరఖాస్తు రాసేముందు తేల్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. షెడ్డులో పదిమంది, అంతకుమించి పనిచేస్తుంటే, జీతం 21 వేలు దాటకపోతే అది ఈఎస్ఐ పరిధిలోకి వస్తుంది. ఈఎస్ఐ వర్తించే మనిషికి 1923 చట్టం కింద కేసు నడవదు, ఈఎస్ఐ చట్టంలోని సెక్షన్ 53 అడ్డం పడుతుంది. సేటు అతని పేరు ఎక్కించలేదు కదా అంటారేమో. పేరెక్కించకపోవడం సేటు తప్పు, దానివల్ల కార్మికుడి హక్కు పోదు. వ్యవహారం మాత్రం ఈఎస్ఐ వైపు తిరిగే అవకాశమే ఎక్కువ. కొన్ని షెడ్లలో ప్రమాదం జరిగిన మర్నాడు హడావిడిగా ఆన్‌లైన్‌లో పేరెక్కించి, నంబరు తెచ్చి చేతిలో పెడతారు. మీ తమ్ముడి దగ్గర అలాంటి నంబరు కాగితం ఉంటే దాని మీద తేదీ చూడండి.

ఈఎస్ఐ అనగానే డీలా పడనక్కర్లేదు. పని చెయ్యలేని కాలానికి జీతంలో 90 శాతం లెక్కన వస్తుంది. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు శాతం తేల్చి, ఆ లెక్కన బతికున్నంతకాలం నెలనెలా ఇస్తారు. నా మట్టుకు నాకు, వయసులో ఉన్నవాడికి ఒకేసారి చేతికొచ్చే మొత్తం కన్నా అదే మేలనిపిస్తుంది. ఒకేసారి వచ్చిన డబ్బు అప్పులవాళ్ళకి, చెల్లెలి పెళ్ళికి, ఊళ్ళో స్లాబుకి పోవడం ఎన్నిసార్లు చూశానో. సరే, అది మీ ఇంటి సంగతి.

షెడ్డులో ఆరేడుగురే ఉన్నారు, ఈఎస్ఐ లేదు అనుకుని మిగతాది రాస్తున్నా.

ఎంత వస్తుంది? గడువు గురించి అడిగితే డబ్బు సంగతెందుకంటే, ఆ లక్ష ఎంత తక్కువో తెలిస్తే తప్ప మీరు కదలరు. 2020 జనవరి 3 నుంచి ఈ లెక్కలకి నెల జీతం గరిష్ఠంగా 15 వేలు తీసుకుంటారు. 17 వేలు వచ్చినా 15 వేలే. శాశ్వతంగా, పూర్తిగా పని చెయ్యలేని స్థితికి అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని వయసుని బట్టి చట్టంలో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 32 ఏళ్ళకి 203.85. మొత్తం 18,34,650 రూపాయలు. ఒక చేతి మూడు వేళ్ళు పోతే చట్టంలోని షెడ్యూల్‌లో, అంటే ఏ గాయానికి ఎంత సంపాదన పోయినట్టో చెప్పే పట్టికలో, 30 శాతం అని ఉంది. అంటే 5,50,395. ప్రమాదం జరిగిన నెలలోపు సేటు ఇవ్వలేదు కాబట్టి ఏడాదికి 12 శాతం బారువడ్డీ. ఏడాదికే 66 వేలు దాటుతుంది. మీ 22 నెలల్లో మొదటి నెల తీసేసి లెక్క కట్టినా వడ్డీ ఒక్కటే లక్షా పదిహేను వేల పైచిలుకు. సేటు ఇస్తానంటున్న లక్ష ఆ వడ్డీకి కూడా చాలదు. ఊరికే ఆలస్యం చేశాడని కమిషనర్ అనుకుంటే అసలులో సగం దాకా జరిమానా కూడా వెయ్యొచ్చు. అది ఇన్సూరెన్సు కంపెనీ మీద కాదు, సేటు జేబులోంచే. చికిత్సకి మీ చేతినుంచి పెట్టిన ఖర్చు కూడా బిల్లులుంటే వేరేగా అడగాలి.

30 శాతంతో ఆగాలనేం లేదు, వాదించడానికి చోటుంది. ఒడిశాలోని జయపూర్‌లో 1968లో ఒక సినిమా హాల్లో పని చేస్తూ ఒక వడ్రంగి కిందపడ్డాడు. ఎడమచెయ్యి మోచేతి దగ్గర తీసేశారు. షెడ్యూల్ శాతం ప్రకారమే ఇవ్వాలని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఒంటిచేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు, అతనికి పోయింది పూర్తి సంపాదనే అని కోర్టు తేల్చింది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటారు, 1976 నాటి రిపోర్టుల్లో ఉంటుంది. పరిహారం బాకీ పడేది కమిషనర్ తీర్పు ఇచ్చిన రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే అన్న మాట కూడా ఆ కేసులోదే. కుడిచేతి మూడు వేళ్ళు లేని మనిషి మళ్ళీ ప్రెస్సు నడపగలడా అన్నది మీ వకీలు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి. దానికి ఎముకల డాక్టరు సర్టిఫికెట్‌లో ఊరికే శాతం రాస్తే చాలదు. ఏ పని చెయ్యలేడో కూడా రాయించండి: పట్టు లేదు, చిన్న వస్తువు ఎత్తలేడు, మిషను హ్యాండిల్ తిప్పలేడు, ఇలా.

నోటీసు ఇచ్చారా? మీరు ఆ మాట రాయలేదు. ప్రమాదం జరిగాక వీలైనంత తొందరగా యజమానికి నోటీసు ఇవ్వాలని సెక్షన్ 10లోనే ఉంది. అయితే యజమానికి ఇంకో దారిలో ఆ సమయంలోనే తెలిసి ఉంటే నోటీసు లేదన్న సాకుతో కేసు కొట్టెయ్యడానికి లేదు. మీ సేటే ఆపరేషన్ చేయించాడు, ఇంకేం కావాలి? అయినా ఇప్పుడు ఒకటి పంపండి. భాష గొప్పగా ఉండక్కర్లేదు. "ఫలానా తేదీన, మీ షెడ్డులో, డ్యూటీలో ఉండగా, పవర్ ప్రెస్సు కింద నా కుడిచెయ్యి పడి మూడు వేళ్ళు పోయాయి. నా పేరు, చిరునామా ఇది. చట్టప్రకారం నాకు రావాల్సిన పరిహారం చెల్లించండి." ఇంతే. అక్నాలెడ్జ్‌మెంటు వచ్చేలా పోస్టులో పంపి, రసీదు, నకలు దాచుకోండి. జవాబు కోసం కూర్చోకండి, పక్కనే దరఖాస్తు పని నడవాలి.

దరఖాస్తుని ఫారం ఎఫ్ అంటారు. హైదరాబాద్‌లో కార్మిక శాఖ అధికారులే పరిహార కమిషనర్లుగా కూర్చుంటారు. ఏ ఏరియా ఎవరిదో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే చెప్తారు. మీ తమ్ముడు ఇప్పుడు వనపర్తిలో ఉంటున్నాడన్నారు. బాలానగర్ పరిధిలోనే వెయ్యాలని లేదు, అతను ఉంటున్న చోటు పరిధిలోని కమిషనర్ దగ్గర కూడా వెయ్యొచ్చు. బస్సు ఛార్జీలకి వెనకాడి వాయిదాలు ఎగ్గొట్టేవాళ్ళకి ఇది పెద్ద ఊరట. కానీ సాక్షులు బాలానగర్‌లో ఉంటారు, వాళ్ళని వనపర్తి వైపు రప్పించడం కష్టం. నేనైతే మీ కేసు సిటీలోనే వేస్తాను.

ఇన్సూరెన్సు సంగతి కూడా కనుక్కోండి. చాలామంది సేట్లు కార్మికుల పాలసీ తీసుకుని ఉంటారు, ఆ మాట బయటికి చెప్పరు. పాలసీ ఉంటే కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చాలి. డబ్బు తన జేబులోంచి పోదని తెలిశాక సేటు స్వరం మారడం నేను చూస్తూనే ఉంటాను. అప్పటిదాకా "వాడు నా దగ్గర పనే చెయ్యలేదు" అన్నవాడు హాజరు పుస్తకం తెచ్చిస్తాడు.

ఏ కాగితం ముఖ్యం? అన్నిటికన్నా దవాఖానలో మొదటి రోజు రాసిన కాగితం. అందులో "దెబ్బ ఎలా తగిలింది" అన్న చోట ఏముందో ఇవాళే చదవండి. చేర్పించేటప్పుడు పక్కన సూపర్వైజరు నిలబడి "ఇంట్లో జారిపడ్డాడు అని రాయండి, లేకపోతే పోలీస్ కేసు అవుతుంది" అనడం ఈ షెడ్లలో మామూలే. మనవాళ్ళు నొప్పిలో ఉంటారు, తలూపుతారు. అలా రాసి ఉంటే కేసు పోయినట్టు కాదు, కానీ తోటి ఆపరేటరు సాక్ష్యం, జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు, ఆ రోజు వాట్సాప్‌లో తిరిగిన ఫొటోలు, దవాఖాన బిల్లు కట్టింది సేటే అని చూపించే రసీదు కావాలి. ఫోను మార్చే ఆలోచనుంటే ముందు ఆ చాట్లు కాపీ చేసి పెట్టుకోండి.

ఇప్పటికే రెండేళ్ళు దాటినవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకి: తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. ఆలస్యానికి తగిన కారణం ఉందని కమిషనర్‌కి నమ్మకం కుదిరితే గడువు దాటిన దరఖాస్తునీ తీసుకోవచ్చని అదే సెక్షన్‌లో ఉంది. ఆలస్యం మన్నించమని వేరే దరఖాస్తు జతచెయ్యాలి. నేను చూసిన రెండు చెప్తా.

ఒకతను లేతు మిషను మీద పనిచేస్తుండగా ఇనుప రజను కంట్లో పడి చూపు పోయింది. సేటు నెలనెలా ఫోన్‌పేలో కొంత పంపాడు, రెండేళ్ళు దాటిన కొన్నాళ్ళకి ఆపేశాడు. బ్యాంకు స్టేట్‌మెంటు తీయించి చూస్తే చాలా ఎంట్రీల పక్కన సేటు తనే కొట్టిన మాట ఉంది: "ఐ ట్రీట్‌మెంట్". ఆ కాగితాన్నే ఆలస్యానికి కారణంగా పెట్టాం. యజమాని డబ్బు పంపుతూ ఆశ పెట్టినంతకాలం కార్మికుడు ఆగడం సహజమే అని కమిషనర్ ఒప్పుకున్నారు.

రెండోది కోకాపేట వైపు ఒక అపార్టుమెంటు పనిలో పరంజా మీంచి పడి చనిపోయిన మనిషి. భార్య శ్రీకాకుళం జిల్లా పల్లెలో ఉంది. గుత్తేదారు శవాన్ని అంబులెన్సులో పంపి, దినాల ఖర్చని కొంత ఇచ్చి, బాండు పేపరు మీద "ఇక ఏ హక్కూ లేదు" అని వేలిముద్ర తీసుకున్నాడు. ఆవిడకి పరిహారం అనేది ఒకటుందని తెలిసేసరికి రెండేళ్ళు దాటింది. ఆ బాండు పేపరే చివరికి గుత్తేదారు మెడకి చుట్టుకుంది. చావు కేసుల్లో పరిహారం కమిషనర్ దగ్గరే జమ చెయ్యాలి, నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకి రాదు. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు మాత్రం మినహాయిస్తారు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. గుత్తేదారు చేతులెత్తేస్తే పని అప్పగించిన అసలు కంపెనీ మీద కూడా వెయ్యొచ్చు, సెక్షన్ 12. ఆ కేసులో అలాగే వేశాం.

ఉత్తినే "చట్టం తెలియదు సార్" అంటే బలం తక్కువ. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎందుకు ఆగారో, ప్రతి ముక్కకీ ఒక కాగితమో ఒక మనిషో ఉండాలి. మీకింకా గడువుంది, ఈ తిప్పలు కొని తెచ్చుకోవద్దు.

ధూళి, రసాయనాల జబ్బుల లెక్క వేరు. రాళ్ళ క్రషర్లలో పనిచేసి సిలికోసిస్ వచ్చినవాళ్ళకి ప్రమాదం తేదీ అంటూ ఉండదు కదా. జబ్బు వల్ల వరసగా పనికి రాలేకపోయిన రోజుల్లో మొదటి రోజునే ప్రమాదం జరిగిన రోజుగా తీసుకుంటారు.

కొత్త చట్టం సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి 1923 చట్టం స్థానం తీసుకుంది. అందులోనూ రెండేళ్ళే. ఇంటినుంచి పనికి వెళ్ళే, తిరిగొచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం తేలితే, కలిపారు, అది మంచి మార్పు. మీ తమ్ముడికి దెబ్బ తగిలింది ఆ తేదీకి ముందు కాబట్టి పాత చట్టం కింద పుట్టిన హక్కు అలాగే ఉంటుంది.

ఎన్నాళ్ళు పడుతుందంటే, మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో రాశారు. అలా తేలడం నేను అరుదుగా చూశాను. సేటు అప్పీలుకి హైకోర్టుకి వెళ్ళాలంటే ముందు డబ్బంతా కమిషనర్ దగ్గర కట్టాలి, అందుకే చాలామంది అక్కడిదాకా వెళ్ళరు. వచ్చినదాంట్లో ఇంత శాతం అని ఫీజు అడిగే వకీలు దగ్గరికి మాత్రం వెళ్ళకండి, మా వృత్తి నియమాల ప్రకారమే అది తప్పు. డబ్బులేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా వకీలుని ఇస్తారు.

ఆ మధ్యవర్తికి ఏం చెప్పాలని అడిగారు. "ఎంతిస్తారో కమిషనర్ ముందు రాసి రిజిస్టరు చేయిద్దాం" అనండి. రిజిస్టరు కాని ఒప్పందం మీద సేటు లక్ష ఇచ్చినా, చట్టప్రకారం పూర్తి పరిహారం కట్టే బాధ్యత అతని మెడ మీదే ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కి వెళ్తే మొత్తం మరీ తక్కువగా ఉందని కమిషనర్ తిప్పి పంపొచ్చు. ఆ సంగతి ఆ మధ్యవర్తికీ తెలిసే ఉంటుంది కాబట్టి మళ్ళీ ఫోన్ రాకపోవచ్చు. ఈలోగా డిశ్చార్జి కాగితంలో ప్రమాదం తేదీ, షెడ్డులో ఎంతమంది పనిచేసేవారు, జీతంలో ఈఎస్ఐ కోత ఉండేదా, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఏ దారిలో వెళ్ళాలో అప్పుడు ఖాయంగా చెప్తాను.